మీరా హుస్సేన్ ఊపిరి

మీరా హుస్సేన్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు కళ్యాణదుర్గంలో తక్కువ. టీ అంగట్లో టీ చెప్పి, అది వచ్చేలోపే రోడ్డు దాటి పేపరు అడిగి, పేపరు చేతికి రాగానే తిరిగిచ్చేసి బస్టాండు దిక్కు నడిచేవాడు. ఎక్కాల్సిన బస్సేమీ లేదు. వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూసి మళ్ళీ టీ అంగడికి వచ్చేసరికి టీ చల్లారిపోయి ఉండేది. "కాలు గాలిన పిల్లి మాదిరి ఏంది ఆ తిరుగుడు?" అని భార్య మాబీ రోజూ తిట్టేది. ఆ తిట్టు పూర్తయ్యేదాకా కూడా ఆయన ఇంట్లో నిలిచేవాడు కాదు.

క్లారినెట్ నోట్లో ఉన్నంతసేపే ఆయన కాళ్ళు నేలమీద ఆనేవి. వాళ్ళది ఊదేవాళ్ళ వంశం. తాత సన్నాయి ఊదాడు, తండ్రి సన్నాయి వదిలి క్లారినెట్ పట్టాడు. తండ్రి పోయాక ఆ క్లారినెట్టూ, హనుమంతప్ప బ్యాండుసెట్టులో తండ్రి నిలబడే చోటూ మీరా హుస్సేన్‌కు వచ్చాయి. జరీ అంచు ఎర్రకోటు కూడా వచ్చింది గానీ అది భుజాల దగ్గర బిగుతు. ఏ సినిమా పాట అడిగినా రెండుసార్లు విని ఊదేసేవాడు. అడిగినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు, ఆయన మాత్రం లోలోపల విసుక్కునేవాడు. పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసిపోయాక ఇంక ఊదడం దేనికన్నది ఆయన గోల. ఆ గోల చెప్పుకోవడానికి ఊళ్ళో మనిషి దొరక్క అట్లా తిరిగేవాడు.

జాజ్ ఆయన బతుకులోకి పొరపాటున వచ్చింది.

పుట్టపర్తి బస్సు కండక్టరు శ్రీరంగప్ప ఆయన స్నేహితుడు. అక్కడ లాడ్జీలో గదులు ఊడ్చే బయమ్మ, తెల్లవాళ్ళు వదిలేసి పోయిన వస్తువులను ఈ శ్రీరంగప్ప చేతిలో పెట్టేది. అరిగిన సబ్బులు, గడ్డి టోపీలు, క్యాసెట్లు, ఏదైనా ఆయనకు పనికొచ్చేదే. తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక క్యాసెట్ మీద ఇంగ్లీషులో జాజ్ అని ఉండడం చూసి శ్రీరంగప్ప ఎగిరి గంతేశాడు. బ్యాండుసెట్టు వాళ్ళ భాషలో జాజ్ అంటే డ్రమ్ముల సెట్టు. వాటిని వాయించే అంజినప్పను ఊరంతా జాజ్ అంజినప్ప అనే పిలుస్తుంది. తెల్లవాళ్ళు జాజ్ ఎట్లా కొడతారో అంజినప్పకు వినిపించి తీరాల్సిందేనని శ్రీరంగప్ప, మీరా హుస్సేన్‌ను కూడా వెంటేసుకుని వనజాక్షి బూత్‌కు లాక్కుపోయాడు.

వనజాక్షి పెళ్ళైన కొన్నాళ్ళకే మొగుడు పనికిరాడని తేల్చుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఎవరేమనుకున్నా సరేనని బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ పెట్టుకుంది. ఆమె దగ్గర ఒక టేప్‌రికార్డర్ ఉంది. అది ఆ మధ్యనే ఆమె భక్తిపాటల క్యాసెట్‌ను నమిలి మింగింది. శ్రీరంగప్ప ఊరుకుంటాడా? స్క్రూలు విప్పి, లోపల తెగిన బెల్టు పీకేసి, సైకిల్ ట్యూబులోంచి ఉంగరం మాదిరి ముక్క కోసి తగిలించాడు. మిషన్ తిరిగింది. కానీ అప్పటినుంచి ఎవ్వరూ తమ సొంత క్యాసెట్‌ను దాని నోట్లో పెట్టే సాహసం చేయలేదు. ఊరికే వచ్చిన క్యాసెట్ అయితే నమిలినా బాధ లేదు కదా, అందుకే ఇది పెట్టారు.

అంజినప్ప చెవి ఆనించి విన్నాడు. బరువైన గొంతుతో ఏదో ఊదుడు వాయిద్యం సాగుతూ ఉంది, వెనక లోతుగా తీగల చప్పుడు, ఇంకా వెనక ఎక్కడో చర్ చర్ మని రాపిడి.

"దీంట్లో జాజ్ యాడుండాది?" అన్నాడు అంజినప్ప. "ఎవడో పొరకతో కసువు ఊడుస్తాండాడు, అంతే గదా!"

"ఉండప్పా, ముందు ముందు కొడతారేమో," అన్నాడు శ్రీరంగప్ప.

ముందు ముందు కూడా కసువు ఊడ్చారే తప్ప కొట్టలేదు. అంజినప్ప లుంగీ దులుపుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మీరా హుస్సేన్ మాత్రం టెలిఫోన్ డైరెక్టరీల బస్తా మీద కూర్చుని, క్యాసెట్ ఒక పక్క పూర్తిగా అయ్యేదాకా లేవలేదు. ఆ ఊదేవాడు తర్వాత ఎటు పోతాడో ఆయనకు తెలియలేదు. అలా తెలియకపోవడం ఆయనకు ఎన్నేళ్ళ తర్వాతో జరిగింది. వనజాక్షి అది గమనించి, "ఏం మీరన్నా, ఒళ్ళు బాగుండాదా?" అని అడిగింది.

అట్లా ముగ్గురయ్యారు. శుక్రవారం నమాజు అయ్యాక మీరా హుస్సేన్ వచ్చేవాడు, బస్సు దిగి శ్రీరంగప్ప వచ్చేవాడు, వనజాక్షి ఎటూ అక్కడే. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో అయితే రోజూ పంచాయతీయే. బయమ్మ పుణ్యమా అని క్యాసెట్లు పోగయ్యాయి. వాటి మీది పేర్లు వీళ్ళకు నోరు తిరగక సొంత పేర్లు పెట్టుకున్నారు. పియానో దిగుతూ దిగుతూ పోయేది మెట్ల టేపు. జనం చప్పట్లు కొట్టేది చప్పట్ల టేపు. అట్ట పోయి, ఊరూపేరూ లేకుండా వచ్చింది మొండి టేపు.

అభిప్రాయాల్లో మాత్రం ఏ ఇద్దరికీ పొసగలేదు.

"మెట్ల టేపు వింటే నాకు నిద్రొస్తాదప్పా," అనేవాడు శ్రీరంగప్ప. "ఈళ్ళకు టైముకు చేరల్లని ఉండదా? ఘాటు రోడ్డు కాదు, ఏం కాదు, చక్కని రోడ్డులో ఫస్టు గేరులోనే పోతాండారు."

"నీకు అన్నీ బస్సులే," అనేది వనజాక్షి. "ఈడికొచ్చి ఫోన్ చేసేటోళ్ళను చూడు. అవతలోళ్ళు ఏమంటాండారో మనకు ఇనపడదు. ఈళ్ళు ఆగిన కాడ ఆగి, మొగం చూసి తెలుసుకోవల్ల. మెట్ల టేపులో ఆయప్ప అట్లే మాట్లాడతాండాడు. అవతల పలికేటోళ్ళు లేరు పాపం."

"చప్పట్ల టేపులో నడుమ మాట్లాడేటాయన గొంతు ఇన్నావా? ఘటోత్కచుడే! ఆరడుగులకు తక్కువుండడు."

"గొంతును బట్టి ఎత్తు కొలుస్తావా రంగప్పన్నా? మరి నీ గొంతుకు నువ్వు తాటిచెట్టంత ఉండాల గదా."

మీరా హుస్సేన్ ఈ గొడవలో తలదూర్చేవాడు కాదు. ఆయన ప్రాణమంతా మొండి టేపు మీద. అందులో రెండో పాటలో ఒకచోట మిగతా వాయిద్యాలన్నీ సద్దుమణిగి, ఆ ఊదేవాడొక్కడే మిగులుతాడు. ఒక్క స్వరం పట్టుకుని లాగి, దించి, మళ్ళీ ఎత్తి, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా అటు చివరిదాకా పోతాడు. అది ఏ వాయిద్యమో మీరా హుస్సేన్‌కు అర్థం కాలేదు. "క్లారినెట్ కాదు, దాని పెద్దన్న ఎవరో," అనేవాడు. "ఆ మనిషి ఊపిరి చూడు వనజక్కా. అట్లాంటి ఊపిరి నేను యాడా ఇనలేదు."

విని ఊరుకుంటే సరిపోయేది. ఆయన ఊరుకునే రకం కాదు. పొద్దున్నే క్లారినెట్ తీసుకుని ఊరిబయట గుట్టకు పోయి, ఆ వరసను ఒక్క ఊపిరితో ఊదాలని కూర్చున్నాడు. దించే దాకా బాగానే వచ్చింది. మళ్ళీ ఎత్తే చోట ఛాతీ పట్టేసింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కళ్ళు బైర్లు కమ్మేదాకా ఊదినా ఆ చివరకు ఇంకా జానెడు దూరం మిగిలేది.

బీడీలు మానేశాడు. ఎవరో చెప్పారని పరగడుపున కరక్కాయ నమిలాడు. అనంతపురం పోయి ఎక్స్‌రే తీయించుకుంటే, "నీకేం రోగం లేదు, పో," అన్నాడు డాక్టరు. రోగం లేదంటే ఆయనకు ఇంకా దిగులు పట్టుకుంది. రోగమైతే మందుంటుంది, పుట్టుకతోనే ఊపిరి తక్కువైతే ఏం మందుంది? "మా నాయన ఊపిరి నాకు రాలేదు మాబీ," అని భార్యతో అన్నాడు. ఆమెకు భయం వేసి బళ్ళారిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చింది.

పోనీ ఈ పిచ్చి గుట్ట మీదే వదిలిపెట్టాడా అంటే అదీ లేదు. పెళ్ళి ఊరేగింపులో సినిమా పాట నడుమ ఆ వరసను దూర్చడం మొదలుపెట్టాడు. ఒక్క స్వరం పట్టుకుని ఊపిరి నిలబెడుతూ రోడ్డు మధ్యలో ఆగిపోయేవాడు. ఆయన ఆగితే వెనక డప్పులు ఆగేవి, పిల్లకాయల చిందులు ఆగేవి, పెళ్ళికొడుకు కారు ఆగేది. అంతా అయ్యాక ఊపిరి చాలక ఆ స్వరం నడుమనే తెగిపోయేది. అప్పుడు ఆయన మొహం చూడలేక పక్కవాళ్ళు తల తిప్పుకునేవాళ్ళు.

"ఏమప్పా మీరా, ఇది పెండ్లా, చావా?" అని హనుమంతప్ప ఒకరోజు అందరి ముందే అడిగేశాడు. ఆయన తప్పూ లేదు. వరసగా వానలు ఎగ్గొట్టి శెనక్కాయ పంట పోయి, పెళ్ళిళ్ళే చిక్కిపోయాయి. వచ్చే ఒక్క బేరాన్నీ ఇట్లా పాడుచేసుకుంటే ఎట్లా? ఆ మరుసటి ముహూర్తాలకు ఆయన తోపుడు బండి మీద జనరేటరు, దాని పక్కన ఒక క్యాసియో కీబోర్డును, దాన్ని వాయించే మనిషిని తెచ్చుకున్నాడు. క్యాసియోకు ఊపిరితో పని లేదు. మీరా హుస్సేన్‌ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు.

ఆయనకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. "ఆయప్ప చేసింది సరే. ఊపిరి లేనోడు ఊదగూడదు," అని తనే తీర్పు చెప్పుకున్నాడు. మాబీ తమ్ముడికి బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డు ఉంది. అక్కడ గుడ్డలు మడిచి కట్టలు కట్టే పనికి వచ్చేస్తానన్నాడు. ఇంక క్లారినెట్ ముట్టనన్నాడు. ఈ మాట విన్నరోజు వనజాక్షి ఆయన మీద విరుచుకుపడింది.

"ఆ టేపులో ఆయప్ప ఊపిరితో నీకేం పని? నీ ఊపిరి ఉన్నకాడికి ఊదుకోలేవా?"

"ఆ ఊపిరి ఇన్నాక ఇది ఊపిరే కాదనిపిస్తాది అక్కా. ఊరికే ఊదినట్ల నటించను నేను."

ఆయనకు ఇంకెవరు ఎంత చెప్పినా అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. స్నేహితుడు పోయేలోపు ఏదైనా చేయాలని శ్రీరంగప్ప కొట్టుకులాడాడు. ఆయనకు తెలిసింది ఒక్కటే, టేప్‌రికార్డర్. దాన్ని బస్సులో పెట్టుకుని అనంతపురంలో మెకానిక్ దగ్గరకు పట్టుకుపోయాడు. ఒక్కసారైనా మీరా ఆ మొండి టేపును గురగురలు లేకుండా బాగా విని పోవాలని ఆయన ఆశ.

రెండు వేల మూడు ఆషాఢంలో, పోయేముందు శుక్రవారం, మీరా హుస్సేన్ క్లారినెట్ పెట్టె చంకలో పెట్టుకుని బూత్‌కు వచ్చాడు. బళ్ళారిలో బామ్మర్ది ఇల్లు ఇరుకు. దీన్ని ఇక్కడే వదిలిపెట్టి పోదామనుకున్నాడు. వస్తూనే కూర్చోకుండా తలుపు దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరగసాగాడు.

"కూర్చో అప్పా, నీకోసరం మిషన్ కొత్తది మాదిరి చేయించినా," అన్నాడు శ్రీరంగప్ప. "కొత్త బెల్టు ఏయించినా. హెడ్డు మీద మడ్డి గీకించినా. ఆ మెకానిక్ నన్ను ఎన్ని తిట్టినాడో! సైకిల్ ట్యూబు ఏసిన మొగోడెవడని అడిగినాడు."

మొండి టేపు పెట్టి మీట నొక్కాడు.

ఎవరో వేరే మనిషి ఊదుతున్నట్టు వచ్చింది. సన్నటి గొంతు, చురుకైన నడక, వెనకాల పొరక కూడా పరుగెత్తుతోంది. వనజాక్షి మొహం చిట్లించింది.

"ఇది మన టేపు కాదు రంగప్పన్నా. మార్చుకోని వచ్చినావా ఏమి?"

"మారేదానికి దాన్ని నేను యాడికీ తీసుకుపోలేదు. నీ బల్ల మీదనే ఉన్నింది గదా!" అని శ్రీరంగప్ప క్యాసెట్ బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అదే విరిగిన మూల, అదే మరక. తికమకపడి చప్పట్ల టేపు పెట్టాడు. ఘటోత్కచుడు పలకలేదు. ముక్కుతో మాట్లాడే ఎవరో మామూలు మనిషి గబగబా రెండు మాటలు చెప్పి తప్పుకున్నాడు.

బ్యాటరీలు అయిపోతే టేపు గొంతు ఎట్లా బండబారుతుందో ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు. కానీ పాట ముందే తెలిసినప్పుడు కదా ఆ తేడా కనిపెట్టేది! వీళ్ళు ఈ పాటలన్నీ మొదటినుంచీ సైకిల్ ట్యూబు ముక్క మీదే విన్నారు. అది జారుతూ సగం బలంతో మెల్లగా తిప్పింది. ఇన్నేళ్ళూ వీళ్ళు మెచ్చుకున్న నిదానం, పోట్లాడుకున్న నిదానం శ్రీరంగప్ప చేసిన రిపేరు.

మీరా హుస్సేన్ మొండి టేపును మళ్ళీ పెట్టించి రెండో పాట దాకా తిప్పించాడు. మిగతా వాయిద్యాలు సద్దుమణిగాయి. ఆ మనిషి ఒక్కడూ స్వరం పట్టుకున్నాడు. లాగాడు, దించాడు.

"క్లారినెట్," అన్నాడు మీరా హుస్సేన్. "పెద్దన్నా లేదు, ఏమీ లేదు. ఇది నా క్లారినెట్టే."

అప్పుడే, మళ్ళీ ఎత్తబోయే చోట, చిన్నగా ఒక చప్పుడు వినిపించింది. పెదవుల సందునుంచి గాలి లోపలికి లాక్కున్న చప్పుడు. హెడ్డు మీద మడ్డి ఉన్నప్పుడు, నిదానంగా గురగురలాడుతూ తిరిగినప్పుడు అది ఆ గురగురలోనే కలిసిపోయి ఎన్నడూ బయటికి రాలేదు. మీరా హుస్సేన్ వంగి టేపును కొద్దిగా వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మళ్ళీ తిప్పాడు. ఆ మనిషి ప్రతిసారీ అక్కడే ఊపిరి తీసుకున్నాడు.

సంతోషం వస్తుందనుకుంటాం. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. కరక్కాయలు, ఎక్స్‌రే, రోడ్డు మధ్యలో తెగిపోయిన స్వరాలు, మాబీ ఏడుపు, తన నోటితో తనే ఊరందరికీ చెప్పుకున్న ఊపిరి లేదన్న మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

"రంగప్పా," అన్నాడు. "ఒక ట్యూబు ముక్కకు నా బతుకంతా కట్టేస్తివి గదప్పా."

శ్రీరంగప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను మిషన్ తిరగల్లని ఏసినా మీరా. ఇట్లయితాదని నాకు యాడ తెలుసు?" అన్నాడు.

బయట ఆటోవాడు శెట్టూరు, శెట్టూరు అని అరుస్తున్నాడు. వనజాక్షి ఇద్దరినీ చూసింది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. ప్రతి శుక్రవారం అడిగే ప్రశ్నే ఆమె నోటికొచ్చింది.

"సరే మీరన్నా, ఏది మేలు చెప్పు. ఇదా, మనం ఇన్నదా?"

"ఇదే మేలు," అన్నాడు శ్రీరంగప్ప కళ్ళు తుడుచుకుంటూనే. "ఇప్పుడు గదా బండి టాప్ గేరులో పోతాండాది."

"నిన్నెవరడిగినారు? నాకైతే మనదే మేలు. ఇందులో ఆయప్ప ఎవరి మాటా ఇనేట్టు లేడు."

మీరా హుస్సేన్‌కు ఆ క్షణంలో ఇద్దరినీ తన్నాలనిపించింది, నవ్వూ వచ్చింది. పెట్టె తెరిచి క్లారినెట్ ముక్కలు బిగించాడు. టేపు ఆపేయమన్నాడు. ఆ వరసను ఊదాడు, టేపు వాడి మాదిరి కాదు, తనకు తెలిసిన నిదానంలోనే. పట్టుకున్నాడు, లాగాడు, దించాడు. ఎత్తే చోట ఎప్పటిలాగే ఛాతీ పట్టేసింది. ఆయన పెదవులు తెరిచి, వనజాక్షికి వినిపించేటంత గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తి, అటు చివరిదాకా పోయాడు. ఆ జానెడు దూరం దాటడం ఆయనకు అదే మొదటిసారి. ఫోన్ చేయడానికి వచ్చిన ముసలామె ఒకామె గడప దగ్గరే నిలబడిపోయింది, ఎందుకాగిందో ఆమెకే తెలియదు.

క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని ఆయన బళ్ళారికి ఫోన్ కలపమన్నాడు. హనుమంతప్ప మళ్ళీ పిలుస్తాడన్న నమ్మకం లేదు. క్యాసియో వచ్చాక క్లారినెట్‌కు ఎక్కడ చోటు దొరుకుతుందో తెలియదు. మాబీకి ఇంట్లో ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. అయినా రిసీవర్ చెవికి ఆనించాడు.

"నేను రావడం లేదప్పా," అన్నాడు.

"ఏం బావా, ఏమైంది? ఊపిరి నిలవడం లేదని అక్క ఏడ్చె గదా?"

"నా ఊపిరికి ఏం గాలేదు. మిషన్ మెల్లగా తిరిగినాది."

"ఏ మిషను? మా షెడ్డులోవన్నీ కొత్త మిషన్లే గదా బావా!"

"నీ మిషన్లు కాదప్పా," అని ఆయన చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయాడు. అవతల బామ్మర్ది విసుక్కున్నాడు.

"సరే, ఊదుకో పో. మళ్ళా నడుమలో ఊపిరి చాలకపోతే ఏం చేస్తావు?"

"చాలకపోతే నడుమలో తీసుకుంటా," అన్నాడు మీరా హుస్సేన్. "అందరూ తీసుకుంటారంట."